ప్రేవుల కదలిక



మా గరివిడి ప్రాంతమున పిల్లలకు అప్పుడప్పుడు ఆముదము పట్టించుట వెనుకటి తరమువారి ఆచారము. ప్రేవులు తమంతట తాము పనిచేయవనియు, ఎవరో యొకరు తరుముచుండవలెననియు వారి భయము. ఆరోగ్యవంతుని ప్రేవుల సంగతి విచారించినచో ఈ భయమున కాధారము కానరాదు.

చోడి అంబలి త్రాగి పొలమునకు బోవు మనుష్యుని తలపోయుడు. ఆ అంబలి చిన్నప్రేవులోనికి దిగి గోడను ఒత్తగనే, గోడలోని కొన్ని కణములు సెరొటోనిన్ అను పదార్థమును విడుచును. మెదడు పదార్థమని దీనికి పేరు వచ్చినది గాని, మన దేహమందలి సెరొటోనినులో నూటికి సుమారు 90 పాళ్లు కడుపులోనే యున్నది. అది అచ్చటి నాడులను మేలుకొల్పును. అంతట ఆహారమునకు వెనుకవైపున అసిటైల్‌కోలిన్ వెలువడి కండరము బిగియును. ముందువైపున నైట్రిక్ ఆక్సైడు మున్నగునవి వెలువడి కండరము సడలును. మా స్టేషనులో బండికి వెనుక సిగ్నలు మూసి ముందుది దింపినట్లే. ఈ క్రమమును 1899లో లండనునందు బేలిస్, స్టార్లింగు అను పండితులు కుక్కలయందు పరీక్షించి వివరించిరి. నాడులు తెగినను రక్తముద్వారా వార్త పోగలదని 1902లో కనిపెట్టినదియు వీరే. అట్టి వార్తాహరులకు 1905లో స్టార్లింగు వాడిన పేరే హార్మోను.

ముందువైపు కండరమును సడలించువానిలో ఏటీపీ యొకటి. 1929లో దీనిని జర్మనీలో లోమన్ కనుగొనెను; అమెరికాలో ఫిస్కేతో గూడి మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు వేరుగా కనుగొనిరి. శక్తినిచ్చు పదార్థముగనే లోకము దాని నెరుగును. నాడీవార్తగా గూడ పనిచేయునని 1970 ప్రాంతమున బర్న్‌స్టాక్ చెప్పినప్పుడు పెక్కుమంది నమ్మలేదు.

కడుపు ఖాళీగా నున్నప్పుడు మోటిలిన్ అను హార్మోను పూనుకొనును. గంటన్నర మొదలు రెండుగంటల కొకమారు అన్నకోశమునుండి ఒక అల బయలుదేరి, మిగిలిన తునకలను ఊడ్చుకొని పోవును. ఆకలివేళ వినబడు గుడగుడ చాలవరకు అదియే. అన్నము తినగనే ఈ ఊడ్పు ఆగును. నేతితో తిన్న పప్పన్నము దిగినచో కోలిసిస్టోకైనిన్ అను మరియొకటి అన్నకోశమును నెమ్మదింపజేయును. నేతిభోజనము చాలసేపు నిలుచుట కిది యొక కారణము.

ఇక ఆముదము. ప్రేవుల కండరముపై ప్రోస్టాగ్లాండిన్ వార్తల నందుకొను ద్వారమొకటి గలదు. ఆముదమునుండి పుట్టు రిసినోలెయిక్ ఆమ్లము ఆ ద్వారమునే తట్టునని 2012లో తేలినది. అనగా, దేహము పంపని వార్తను దేహము పేర మనము పంపుచున్నామన్నమాట! దినమునకు మూడుమార్లు మొదలు వారమునకు మూడుమార్ల వరకు విరేచనమగుట ఆరోగ్యవంతులయందు సహజమే. రక్తము పడినను, అలవాటు హఠాత్తుగా మారి వారములు నిలిచినను వైద్యునికి చూపవలెను. ఆముదపు సీసా వెదకరాదు.