పసివారి మాట – ఇంటివారి బాధ్యత

(హోసూరు కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మేము వైద్యులము కాము, పండితులము కాము; మెట్రిక్యులేషను వఱకు చదివి అంగడి నడుపుకొనువారము. అయినను మా యింట జరిగిన యొక పొరపాటు మఱియొక యింట జరుగరాదని చెప్పుటకు నిలిచితిమి.

మా చిన్నవానికి రెండేండ్లు నిండినను “అమ్మ”, “అవ్వ” తప్ప వేఱుమాట రాలేదు. ఇంట తెలుగు, వీథిలో తమిళము, అంగడిలో కన్నడము వినుటచే బిడ్డ తికమకపడుచున్నాడనియు, ఇంట తెలుగు మానుమనియు ఒక బడివారు సలహా యిచ్చిరి. మేము నమ్మితిమి. మా తల్లిగారికి తమిళము కూరగాయల బేరమునకు చాలునంతయే వచ్చును. కథ చెప్పుటకు చాలదు. మనుమని ఒడిలో నుంచుకొని ఆమె ఊరక కూర్చుండెడివారు. ఆరు మాసములు గడచినను బిడ్డకు ఏ భాషయు రాలేదు. తుదకు పరీక్ష చేయింపగా కర్ణభేరి వెనుక నీరు చేరి వినికిడి మందగించినదని తేలెను. లోపము చెవిలో నుండగా శిక్ష తెలుగునకు వేసితిమి! చికిత్స జరిగినది, అవ్వ కథలు మరల మొదలైనవి. నేడు వాడు మూడు భాషలలోను మమ్ము ఎదిరించుచున్నాడు.

రెండు మూడు భాషలు వినుటవలన మాట ఆలస్యము కాదని నిపుణులు నేడు స్పష్టముగా చెప్పుచున్నారు. ఒకే వాక్యమున రెండు భాషలు కలిపి పలుకుటయు అట్టి బిడ్డలకు సహజమే. వర్తకులము గనుక మన రీతిని చెప్పెదము: బిడ్డ మాటలను రెండు ఖాతాలును కలిపి లెక్కింపవలెను. ఏడాదికి పేరు పిలిచిన తిరిగి చూడవలెను. ఒకటి రెండు మాటలు రావలెను. రెండేండ్లకు సుమారు 50 మాటలును, “పాలు కావాలి” వంటి జంటమాటలును రావలెను. రాకున్నచో “వాళ్ళ నాన్నకును ఆలస్యముగానే వచ్చినవి” అని ఊరకుండక, మొదట వినికిడి పరీక్ష చేయింపుడు.

2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద అంగన్‌వాడీ పిల్లలకు వినికిడి, మాటల లోపములను పరిశీలించు ఏర్పాటున్నది. 1965లో స్థాపితమైన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ మనకు సమీపమున మైసూరులోనే యున్నది.

ఇంట చేయవలసినదానికి రూకలు అక్కఱలేదు. నీళ్ళు పోయునపుడు, అన్నము పెట్టునపుడు చేయుచున్న పనిని చెప్పుచుండుడు. ప్రశ్న వేసి, జవాబునకై కొంత ఆగుడు. బిడ్డ “పా” అనినచో నవ్వక, “ఔను, పాలు, వేడి పాలు” అని పెంచి పలుకుడు. ఏడ్పు మాన్పుటకు సెల్‌ఫోను చేతికీయకుడు. రెండేండ్లలోపువారికి తెర చూపుట తగదనియు, ఆపై నాలుగేండ్ల వఱకు దినమునకు ఒక గంట మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినది. తెర మాటలాడును గాని బిడ్డ మాట వినదు.

మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పింప ప్రతి రాష్ట్రమును యత్నింపవలెనని 1956లో రాజ్యాంగమున 350-ఏ అధికరణము చేరినది. ఆ హక్కుకై మనము అర్జీలు పెట్టుచునే యున్నాము, పెట్టవలసినదే. కాని బడికి ముందటి యేండ్లకు అర్జీ ఎవ్వరికి పెట్టుదుము? అవి మన చేతిలోనివే. నేటి రాత్రి అంగడి కట్టి యింటికి పోయినపిదప, లెక్కల పుస్తకము తెఱచుటకు ముందు, పావుగంట బిడ్డతో తెలుగున మాటలాడుడు. అవ్వను మాటలాడనిండు.