ఉచితంగా ఇచ్చిన దీపం, వాయిదాల మీద కొన్న దీపం
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



 పల్లెల్లోని మన పిల్లలకు సోలార్ కరెంటుతో ఉపాధి చూపించగలమా అన్న విషయం మీద మాట్లాడమని కమిటీ వారు అడిగారు. ఈ సంవత్సరం నిధుల్లో కొంత ఇందుకు కేటాయించే ఆలోచన ఉందట. సొమ్ము మీది. కనుక మంచి ఒక్కటే చెప్పి పోవడం న్యాయం కాదు. ఇబ్బందులూ చెబుతాను.

ముందు బంగ్లాదేశ్ సంగతి చెప్పాలి. నదులు, పాయలు, ఇసుక దిబ్బల మధ్య పల్లెలు. స్తంభాలు వేసి తీగ లాగడం చాలాచోట్ల ఏళ్ల తరబడి కాలేదు. 2003లో అక్కడి ప్రభుత్వ ఆర్థిక సంస్థ ఇడ్‌కాల్, ప్రపంచ బ్యాంకు తోడ్పాటుతో, ఇంటికొక చిన్న సోలార్ సెట్టు అనే పథకం మొదలుపెట్టింది. 2008 నాటికి 50 వేల ఇళ్లకు ఇవ్వాలన్నది లక్ష్యం. 2005లోనే ఆ లెక్క దాటింది. 2018 నాటికి 40 లక్షలకు పైగా సెట్లు పల్లెలకు చేరాయి. సుమారు 2 కోట్ల మంది ఆ వెలుగులో బతికారు.

ఇంత పని ఎలా జరిగింది? ఇడ్‌కాల్ తానుగా ఒక్క దీపం అమ్మలేదు. 1996లో పుట్టిన గ్రామీణ్ శక్తి వంటి సంస్థలకు అప్పు ఇచ్చింది. ఆ సంస్థలు ఊళ్లలో శాఖలు పెట్టాయి. కొనేవాడు మొదట ధరలో నూటికి 10, 15 రూపాయలు కట్టాలి. మిగతాది మూడేళ్లు, అటూ ఇటుగా, నెలసరి వాయిదాల్లో తీర్చాలి. నెలనెలా వాయిదా కోసం వచ్చే కుర్రాడే బ్యాటరీలో నీళ్లు చూస్తాడు, వదులైన తీగ బిగిస్తాడు, ఆరిన దీపం మారుస్తాడు. డబ్బు వసూలు, మరమ్మతు రెండూ ఒకే చేతిలో ఉండటం వల్ల దీపం వెలగకపోతే వాయిదా రాదని అతనికి తెలుసు. నా లెక్కలో ఆ పథకానికి ప్రాణం అక్కడే ఉంది. వేల మంది పల్లెటూరి యువకులకు దొరికిన మొదటి ఉద్యోగం కూడా అదే. గ్రామీణ్ శక్తి టెక్నాలజీ కేంద్రాల్లో ఆడపిల్లలు ఛార్జ్ కంట్రోలర్లు, దీపాల సర్క్యూట్లు బిగించడం నేర్చుకున్నారు. మగ్రిబ్ కాగానే తలుపులు మూసే సంత దుకాణాలు మరో రెండు మూడు గంటలు తెరిచి ఉంచగలిగారు. ఆ సంస్థను మొదటి నుంచి నడిపిన దీపాల్ బరువాకు 2009లో అబూధాబీ వారి జాయెద్ బహుమతి వచ్చింది. ఆ బహుమతి ఇవ్వడం అదే మొదలు.

ఇక రెండో సగం. మన సభల్లో ఇది ఎవరూ చెప్పరు. పేదల సంక్షేమానికి ఉద్దేశించిన నిధుల్లో కొంత భాగంతో ప్రభుత్వమే పల్లెల్లో సోలార్ సెట్లు ఉచితంగా పంచడం మొదలుపెట్టింది. మంచి ఉద్దేశమే. కానీ వాయిదాలు కడుతున్న మనిషి పక్కింట్లో ఉచితంగా వెలుగుతున్న దీపం చూశాడు. మరుసటి నెల వాయిదాకు వచ్చిన కుర్రాడిని ఏమని పంపించి ఉంటాడో మీరే ఊహించుకోండి. అదే సమయంలో గ్రిడ్ తీగలు కూడా వేగంగా ఊళ్లకు వచ్చాయి. 2022 మార్చిలో దేశమంతటా నూటికి నూరు మందికి విద్యుత్ అందిందని ప్రకటించారు. అమ్మకాలు పడిపోయాయి, బాకీలు నిలిచిపోయాయి, సెట్లు అమ్మిన సంస్థలు అప్పుల్లో మిగిలాయి. ఇంటింటికీ తిరిగిన కుర్రాళ్లకు పని లేకుండా పోయింది.

దానం ఇచ్చేవాళ్లం కాబట్టి ఈ సంగతి మనకు కొంచెం చేదుగానే ఉంటుంది. ఒకే ఊళ్లో ఒకడికి వాయిదా, ఇంకొకడికి ఉచితం అంటే వాయిదా చచ్చిపోతుంది, దాని మీద బతికే కుర్రాడి పనీ పోతుంది.

సరే, మన దగ్గరకు వద్దాం. మన ఊళ్లకు కరెంటు తీగ ఎప్పుడో వచ్చింది. పొలానికి ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ ఉచిత విద్యుత్ ఉంది. కనుక సోలార్ పంపు పెట్టి నీళ్లు అమ్ముకోవడం మన కుర్రాడికి వ్యాపారం కాదు. వేరే రాష్ట్రంలో చూసి వచ్చి ఎవరైనా ఆ సలహా ఇస్తే వినకండి.

టైలరింగ్ సంగతి చూద్దాం, ఎందుకంటే మనకు వచ్చే దరఖాస్తుల్లో అదే ఎక్కువ. చిన్న డి.సి. మోటారు మిషన్‌కు 100 వాట్లు చాలు. రోజుకు ఆరు గంటలు కుట్టితే 600 వాట్ అవర్లు, అంటే యూనిట్‌లో ఆరు పదోవంతులు. మన ఎండకు రోజుకు సుమారు 5 గంటల పూర్తి ఎండ లెక్క వేసుకుని, తరుగు తీసేస్తే, 200 వాట్ల ప్యానెల్ 700 వాట్ అవర్ల దాకా ఇస్తుంది. సరిపోతుంది. 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఒకటి కావాలి. లెడ్ బ్యాటరీని సగానికి మించి దించకూడదు కనుక అంత పెద్దది. ఇప్పుడు అడగండి: ఆ ఆరు పదోవంతుల యూనిట్‌కు కరెంటాఫీసు ఎంత వసూలు చేస్తుంది? కొద్ది రూపాయలు. ఆ కొద్ది రూపాయలు మిగల్చడానికి ప్యానెల్, బ్యాటరీ కొనివ్వడం దానం అవుతుందేమో, వ్యాపారం మాత్రం కాదు. కరెంటు సరిగా ఉండే ఊళ్లో ఆ చెల్లెలికి మోటారు ఒక్కటే ఇవ్వండి. మిగిలిన డబ్బుతో మరో ఇద్దరికి మోటార్లు వస్తాయి. కరెంటు మాటిమాటికీ పోయే ఏజెన్సీ గూడెం అయితే లెక్క వేరు, అక్కడ ప్యానెల్ పెట్టవచ్చు.

ఇంకో మాట. వేడి పుట్టించే పని ఏదైనా చిన్న సోలార్‌కు లొంగదు. ఇస్త్రీ పెట్టె, వెల్డింగ్, టీ కాచడం, వీటి జోలికి వెళ్లకండి. పంక్చర్ షాపు కంప్రెసర్ కూడా మోటారు పెద్దది కనుక కష్టమే. వెలుగు, చిన్న కదలిక, ఫోన్ ఛార్జింగ్, ఇవి లొంగుతాయి.

మరి తీగ వెళ్లలేనిది ఎక్కడికి? తోపుడు బండికి. వారపు సంతలో నేల మీద పరిచిన దుకాణానికి. అరటిపళ్లు, మిరపకాయ బజ్జీలు, గాజులు అమ్మేవాళ్లలో మనవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. కర్ణాటకలో 1995లో మొదలైన సెల్కో సంస్థ ఈ పని చేసి చూపించింది. దాన్ని నడిపిన హరీశ్ హండేకు 2011లో మెగసెసె అవార్డు వచ్చింది. ఆయన తరచూ చెప్పే సంగతి ఒకటి ఉంది. నెలకు 300 రూపాయలు అంటే బండివాడు భయపడతాడు, రోజుకు 10 రూపాయలు అంటే ఒప్పుకుంటాడు. లెక్క ఒకటే, కానీ వాడి చేతికి డబ్బు వచ్చేది రోజువారీ. అక్కడ ఒక మనిషి పగలు బ్యాటరీలు ఛార్జ్ చేసి, సాయంత్రం బండ్లకు అద్దెకు ఇచ్చి, రాత్రి తిరిగి తెచ్చుకుంటాడు.

ఇందాకటి లెక్కనే ఇక్కడ వేయండి. 10 వాట్ల ఎల్.ఇ.డి. దీపం అయిదు గంటలకు 50 వాట్ అవర్లు. పది బండ్లకు 500. ఒక మిషన్ నడిపే ప్యానెల్ పది బండ్లకు వెలుగు ఇస్తుంది. బండికి రాత్రికి 15 రూపాయలు అనుకుంటే కుర్రాడికి 150. దాంతో ఒక ఇల్లు గడవదు, ఆ మాట దాచను. పగలు మొబైల్ రిపేరో, వైరింగ్ పనో చేసుకునే ఐటీఐ కుర్రాడికి ఇది సాయంత్రపు ఆదాయం. అలాంటివాడినే ఎంచుకోవాలి. వేరే పనేమీ లేనివాడికి ఇది ఇస్తే మూడు నెలల్లో ప్యానెల్ ఎవరికో అమ్మేస్తాడు.

అబూ దావూద్ సంకలనంలో హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన సంఘటన మీరంతా విన్నదే. సాయం అడగవచ్చిన అన్సారీ ఇంట్లో ఉన్న దుప్పటి, గిన్నె తెప్పించి, దైవప్రవక్త (స) వాటిని అక్కడే రెండు దిర్హములకు వేలం వేశారు. ఒక దిర్హముతో ఇంటికి తిండి కొనమన్నారు. రెండో దానితో గొడ్డలి కొనిపించి, తమ చేత్తో పిడి బిగించి ఇచ్చి, కట్టెలు కొట్టి అమ్ముకుని 15 రోజుల దాకా కనబడవద్దన్నారు. ఆ గొడ్డలికి డబ్బు అతని సామాను నుంచే వచ్చింది. పిడి బిగించడం, గడువు పెట్టడం మాత్రం ప్రవక్త (స) చేశారు. మన సంఘాలు గొడ్డలి పంచుతాయి, ఫొటో తీయించుకుంటాయి. పదిహేనో రోజున ఏమైందని అడిగేవాళ్లు తక్కువ.

కనుక నా సలహా ఇది. ఈ సొమ్మును ఖర్జె హసనాగా, వడ్డీ లేని అప్పుగా ఇవ్వండి. కుర్రాడు ముందు పదోవంతు తన చేతి నుంచి పెట్టాలి. మిగతాది వారం వారం కట్టాలి. జకాత్ సొమ్మును హక్కుదారుడి సొంతం చేయాలి కాబట్టి, తిరిగి వచ్చే ఈ నిధిలో దాన్ని కలపకండి. సదకా, మామూలు విరాళాలతో వేరే ఖాతా తెరవండి. ఈ విషయంలో ఉలమాలను ముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోవడం మంచిది. తీర్చలేనంత కష్టం వస్తే మాఫీ చేయవచ్చు, కానీ అది కమిటీ గదిలో, ఆ ఒక్కడికి. సభలో ప్రకటించి అందరికీ మాఫీ చేయకండి.

బ్యాటరీకి వేరే డబ్బా పెట్టించండి. రోజూ దించి ఎక్కించే చిన్న లెడ్ బ్యాటరీ రెండు మూడేళ్లకు పోతుంది. లిథియం ఫాస్ఫేట్ రకం ఖరీదు ఎక్కువ, కాని తేలిక, ఎక్కువ కాలం వస్తుంది. ఏది కొన్నా, 15 రూపాయల్లో రెండు రూపాయలు దాని పేరున పక్కన పడాలి. పాత లెడ్ బ్యాటరీని పెరట్లో పగలగొట్టి సీసం తీసే పని మాత్రం ఎవరినీ చేయనివ్వకండి. ఆ ధూళి ఇంట్లో పసిపిల్లల ఒంట్లోకి పోతుంది. పాతది దుకాణానికి ఇచ్చి కొత్తదానిలో ధర తగ్గించుకోవాలి.

ఒక్కసారిగా యాభై మందికి ఇవ్వవద్దు. రంజాన్‌లో తరావీహ్ తర్వాత కూడా మన వీధుల్లో బండ్లు ఉంటాయి, దీపం అవసరం అప్పుడే ఎక్కువ. షాబాన్ మొదట్లో ఇద్దరు కుర్రాళ్లను ఎంచుకుని, ఒక్కొక్కరికి పది బండ్లు చూపించి, పండుగ తర్వాత వారి వసూళ్ల పుస్తకం తెచ్చి ఇదే కమిటీ ముందు పెట్టండి. ఆ పుస్తకంలో వారం వారం అంకెలు ఉంటే మూడో కుర్రాడి గురించి మాట్లాడుకుందాం, ఇన్‌షా అల్లాహ్. మొదటి ప్యానెల్ ఖర్చు నా పేరున రాసుకోండి.