రేడియేటరులో పోసే నీళ్ళ సంగతి

మన కుటుంబాల్లో లారీ, జీపు, టాక్సీల మీద బ్రతికేవారు ఉన్నారు గనుక ఈ నాలుగు మాటలు.

కొన్నేళ్ళ క్రితం భాకరాపేట ఘాటులో మా వ్యాను ఆవిరి కక్కి నిలిచిపోయింది. పొదుపనుకొని ఏళ్ళ తరబడి బోరునీళ్ళే పోసేవాళ్ళం. నీళ్ళు కాచే గిన్నెకు అడుగున తెల్లగా పొర కడుతుంది చూడండి, అదే పొర రేడియేటరు గొట్టాలను పూడ్చేసింది. హెడ్డు వంగింది, గ్యాస్కెట్టు పోయింది. బండి షెడ్డులో ఉన్నన్నాళ్ళూ ఇంట్లో పొయ్యి వెలిగించడమే కష్టమయింది.

"యాంటీఫ్రీజు మంచుదేశాల వాళ్ళకి గదా, మనకెందుకు భాయ్?" అంటారు. అందులోని ఇథిలిన్ గ్లైకాల్ నీళ్ళను గడ్డకట్టనివ్వకపోవడమే కాదు, త్వరగా మరగనివ్వదు కూడా. డిస్టిల్డ్ వాటరుతో సగంసగం కలిపితే 100 డిగ్రీలకు బదులు సుమారు 107 డిగ్రీలకు గాని మరగదు. మూత బిగువుగా ఉంటే ఇంకా పైకే. తుప్పును ఆపే మందులూ అందులోనే ఉంటాయి. 1974లో తెరిచిన తిరుమల రెండో ఘాటురోడ్డు ఎక్కే బండికి ఇదేం చిన్న సంగతి కాదు.

రంగు చూసి కొనకండి. రెండు కంపెనీల ఆకుపచ్చ ఒకటే కానక్కర లేదు. బండితో ఇచ్చిన పుస్తకంలో ఏ రకం రాశారో అదే పోయాలి. పాత రకాన్ని సాధారణంగా 2 ఏళ్ళకు, ఆర్గానిక్ ఆసిడ్ రకాన్ని సుమారు 5 ఏళ్ళకు మార్చాలి. రెండూ కలిపారా, మందు బలం తగ్గిపోతుంది. ముందే నీళ్ళు కలిపి అమ్మే డబ్బాలో మళ్ళీ నీళ్ళు పోయొద్దు.

ఇంజను వేడిమీద మూత తియ్యొద్దు. ఆ ద్రవం తియ్యగా ఉంటుంది గాని విషం. ఖాళీ డబ్బాను మాత్రం వంటింట్లోకి రానీయకండమ్మా.