లావుగా ఉన్నవారికి ఆపరేషన్: వెన్నుకు మత్తు మంచిదేనా?

(స్వర్ణోత్సవాల రెండవ రోజు ఉదయం జరిగిన ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగం)

 

కార్యదర్శిగారు ఫోన్ చేసి, "ఆరోగ్యం మీద పావుగంట మాట్లాడు, జనం నిద్రపోకుండా చూడు" అన్నారు. ముప్ఫై ఏళ్లుగా జనాన్ని నిద్రపుచ్చడమే నా వృత్తి. అయినా ఆయన మాట దక్కించడానికి, ఈ రోజు నిద్రపుచ్చకుండా చేసే ఆపరేషన్ల గురించే చెబుతాను.

నిన్న రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర కూర్చుని అందరినీ చూశాను. ఒకప్పుడు ఈ మెట్లు రెండేసి చొప్పున దూకినవాళ్లం, ఇప్పుడు గోడ పట్టుకుని ఎక్కుతున్నాం. బరువులు పెరిగాయి, మోకాళ్లు అరిగాయి. మోకీలు మార్పిడో, హెర్నియానో, విరిగిన ఎముకకు రాడ్డో, ఏదో ఒకటి మనలో చాలామందికి తప్పదు.

ముందు ఒక చిన్న లెక్క. మీ బరువును కిలోల్లో తీసుకుని, మీ ఎత్తుతో మీటర్లలో రెండుసార్లు భాగించండి. లెక్కల మాస్టారు ముందు వరసలోనే ఉన్నారు, తప్పు చేస్తే ఊరుకోరు. 160 సెంటీమీటర్ల ఎత్తు, 80 కిలోల బరువు ఉంటే 31 దాటుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 30 దాటితే ఊబకాయం అంటుంది. మన దేశపు వైద్యులు భారతీయులకు 25 నుంచే అలా లెక్కేస్తారు.

లావుగా ఉన్నవారికి పూర్తి మత్తు ఇవ్వడంలో చిక్కు ఎక్కడుందంటే, ఊపిరి దగ్గర. వెల్లకిలా పడుకోగానే పొట్ట బరువు డయాఫ్రం అనే కండరాన్ని పైకి నెడుతుంది. ఊపిరితిత్తుల్లో నిలవ ఉండే గాలి తగ్గుతుంది. మేం మందు ఇవ్వగానే మీ ఊపిరి ఆగుతుంది. గొంతులో గొట్టం వేసి మెషిన్‌కు తగిలించేదాకా ఆ నిలవ మీదే బతకాలి. ముందే బాగా ఆక్సిజన్ పట్టిస్తే ఆరోగ్యవంతుడికి ఎనిమిది నిమిషాల వరకు వ్యవధి దొరుకుతుంది. బాగా లావుగా ఉన్నవారికి మూడు నిమిషాలు దొరకడం కష్టం. పైగా మెడ పొట్టిగా, లావుగా ఉంటే గొట్టం వేయడానికి దారి కనిపించడమూ కష్టమే. తల, భుజాలు ఎత్తు మీద పెట్టి చేస్తాం, చాలావరకు సాఫీగానే జరుగుతుంది. కానీ తప్పించుకోగలిగిన చోట తప్పించుకోవడం మంచిది కదా!

అందుకే ఆపరేషన్ చేసే భాగానికి మాత్రమే మత్తు. నడుము కింది భాగానికైతే వెన్నుకు సూది, చేతికో కాలికో అయితే ఆ నరాల చుట్టూ మందు. ఇది కొత్త విద్య కాదు. 1898లో జర్మనీలో కీల్ నగరంలో ఆగస్ట్ బీర్ అనే సర్జన్ మొదలుపెట్టాడు. ఆయనా, ఆయన సహాయకుడూ ఒకరి వెన్నులో ఒకరు ప్రయోగం చేసుకుని, తర్వాత తలనొప్పితో బాధపడ్డారు. ఇప్పటి సూదులు చాలా సన్నవి, కొన పెన్సిల్ ములుకులా ఉంటుంది, ఆ తలనొప్పి బాగా తగ్గిపోయింది.

కొంతకాలం కిందట ఒకావిడ నా దగ్గరికి వచ్చారు. వయసు 62, బరువు 108 కిలోలు, ఎత్తు 152 సెంటీమీటర్లు. మీ లెక్క ప్రకారం దాదాపు 47. రెండుచోట్ల "ముందు బరువు తగ్గి రండి" అని పంపేశారట. మోకాలు నడవనివ్వదు, నడవకపోతే బరువు తగ్గదు. ఈ మాట చెప్పి పంపేయడం తేలికే. ఆమె గురక పక్కగదిలోకి వినిపిస్తుందని, మధ్యలో ఊపిరి ఆగుతుందని భర్త చెప్పారు. వెన్నుకు మత్తు అనగానే ఆవిడ, "మా చెల్లెలికి కాన్పులో నడుముకు సూది వేశారు డాక్టరుగారూ, ఇరవై ఏళ్లయినా నొప్పి పోలేదు. నాకొద్దు, హాయిగా నిద్రపుచ్చెయ్యండి" అన్నారు.

ఈ భయం మన ఊళ్లలో ఇంటింటా ఉంది. సూది గుచ్చినచోట రెండు మూడు రోజులు నొప్పి ఉండొచ్చు. ఏళ్ల తరబడి ఉండే నడుము నొప్పికి ఆ సూది కారణమని పరిశోధనల్లో తేలలేదు. బిడ్డను ఎత్తుకోవడం, పెరిగిన బరువు, బలహీనపడిన కండరాలు, వీటి నిందంతా సూది మోస్తోంది. ఆవిడకు అదే చెప్పాను. ఒప్పుకోవడానికి రెండు రోజులు తీసుకున్నారు.

ఆపరేషన్ రోజున బల్ల అంచున కూర్చోబెట్టాం. నర్సమ్మ ఎదురుగా నిలబడి భుజాలు పట్టుకుంది. సన్నటి మనిషికి వెన్నుపూసలు వేలికి తగులుతాయి, ఆవిడకు తగల్లేదు. అల్ట్రాసౌండ్‌తో నడిమధ్య గీత పట్టుకున్నాను. మామూలు 9 సెంటీమీటర్ల సూది చాలలేదు, 12 సెంటీమీటర్లది వాడాల్సి వచ్చింది. మందు మోతాదూ ఆచితూచి ఇచ్చాను, ఎందుకంటే లావుగా ఉన్నవారిలో అది అనుకున్నదానికన్నా పైకి పాకొచ్చు. ఆపరేషన్ అయ్యాక తొడ లోపలివైపు నరానికి ఇంకో మందు వేశాం. దానివల్ల నొప్పికి మార్ఫిన్ లాంటివి పెద్దగా అవసరం పడలేదు. గురకతో ఊపిరి ఆగేవారికి ఆ మందులు రాత్రిపూట ప్రమాదం, అసలు లాభం నాకు అక్కడే కనిపిస్తుంది. మర్నాడు సాయంత్రం వాకర్ పట్టుకుని నాలుగు అడుగులు వేశారు.

అన్నీ ఇలాగే జరుగుతాయని చెప్పను. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయం వారు తొమ్మిది వేలకు పైగా నరాల మత్తులను పరిశీలించి 2005లో ప్రచురించారు. ఊబకాయం ఉన్నవారిలో మత్తు పట్టకపోవడం 1.62 రెట్లు ఎక్కువని తేలింది. అయినా అత్యధికులకు పనిచేసింది. పట్టకపోతే పూర్తి మత్తుకు వెళ్లాలి కాబట్టి ఆ ఏర్పాట్లన్నీ పక్కనే సిద్ధంగా ఉండాలి. పిత్తాశయం, బరువు తగ్గించే ఆపరేషన్ లాంటివి పొట్టలోకి గ్యాసు నింపి చేస్తారు, వాటికి సాధారణంగా పూర్తి మత్తే. భుజానికి మెడ దగ్గర ఇచ్చే మత్తు ఒకవైపు డయాఫ్రంను కాసేపు పడుకోబెడుతుంది. లావుగా ఉన్నవారికి అది ఆలోచించి ఇవ్వాల్సిందే.

ఇక మీ వైపు నుంచి. సర్జన్‌ను నాలుగుసార్లు కలుస్తారు, మత్తు డాక్టర్‌ను ఆపరేషన్ బల్ల మీదే మొదటిసారి చూస్తారు. వారం ముందే కలవాలని పట్టుబట్టండి. గురక సంగతి సిగ్గుపడకుండా చెప్పండి. మీకు తెలియదు కాబట్టి ఇంట్లోవాళ్లను వెంట తీసుకెళ్లండి. రాత్రి సీప్యాప్ మిషన్ పెట్టుకునేవారు దాన్ని ఆసుపత్రికి తెచ్చుకోండి. గుండెకు స్టెంట్ వేయించుకుని క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పండి. వెన్నుకు సూది వేయాలంటే అవి కొన్ని రోజుల ముందు ఆపాలి, కానీ మీ అంతట మీరు ఆపొద్దు. గుండె డాక్టరు, మత్తు డాక్టరు కలిసి చెప్పాలి. బరువు తగ్గడానికి వారానికోసారి వెగోవి, మౌంజారో ఇంజెక్షన్లు తీసుకునేవారు, అమెరికా నుంచి వచ్చినవాళ్లలో ఇద్దరు నిన్న చెప్పారు, అదీ దాచొద్దు. వాటివల్ల కడుపు ఆలస్యంగా ఖాళీ అవుతుంది. రాత్రి తిన్నది పొద్దుటికీ కడుపులో ఉండొచ్చు.

సూది వేశాక కాళ్లు కదలవు, కొన్ని గంటల్లో వాటంతటవే తిరిగి వస్తాయి. సుత్తి చప్పుడు వినడం ఇష్టం లేకపోతే చెవుల్లో పాటలు పెడతాం. మా ఆవిడకు ఘంటసాల పెట్టారు, మధ్యలో ఆవిడే కూనిరాగం తీశారు. ఇక్కడ ఆవిడ అంటే పేషెంటు, మా ఇంటావిడ కాదు.

భోజనాలకు ఇంకా పది నిమిషాలుంది. ఎవరికైనా సందేహాలుంటే ఇప్పుడు అడగండి, నలుగురిలో అడగలేనివి అక్కడ చెట్టు కింద మాట్లాడుకుందాం.