లబ్ధిదారులం కాదు, హక్కుదారులం
(తిరువూరు సభలో ప్రసంగం)



పేర్ల గొడవ మనకి కొత్త కాదు. 'హరిజన' అనే మాట చట్టంలో పెడుతున్నారని 1938లో బొంబాయి శాసనసభ నుంచి అంబేడ్కర్ తన వాళ్లతో బయటికి నడిచాడు. ఇవాళ మనకి పేరు పెట్టేది కంప్యూటరు.

2013 ఆహార భద్రతా చట్టం తిండిగింజల్ని హక్కు అంది. కంప్యూటరు లెక్కల్లో మాత్రం మనం 'లబ్ధిదారులం'. 2015లో మన రాష్ట్రంలో రేషను షాపులకి వేలిముద్ర మిషన్లు వచ్చినయ్. నాట్లేసి, మిరపకాయలు కోసి గీతలరిగిన వేలు పడకపోతే తప్పు ముసలమ్మదంట! 'ఫెయిల్' అంటది మిషను. "మీ వేలు నేను చదవలేకపోయాను" అని రాయిస్తే ఎవరి సొమ్ము పోయింది?

మాట మారితేనే కడుపు నిండదు, నిజమే. కానీ లబ్ధిదారు చెయ్యి చాస్తాడు, హక్కుదారు లెక్క అడుగుతాడు. వేలు పడలేదని బియ్యం ఆపొద్దని 2017లో కేంద్రమే ఉత్తర్వు ఇచ్చింది. ఆపితే, ఎందుకాపారో కాయితం మీద రాసిమ్మనండి. ఆ కాయితం పట్టుకుని అందరం కలిసి ఆఫీసుకి పోదాం.