పార్టు మార్చాం సరే, కారణం చూశామా?

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి డాక్టరుగారు, డి.ఏ. బకాయిల గురించి కార్యదర్శిగారు ఇప్పటికే మాట్లాడారు. నన్ను మా పాత కారు గురించి చెప్పమన్నారు. నేను మెకానిక్‌ను కాను, ముప్పై ఏండ్లకు పైగా ఫైళ్లు రాసిన గుమస్తాను. తప్పు చేసి నేర్చుకున్నవాడిగా మాత్రమే నాలుగు మాటలు మనవి చేస్తాను.

మనం ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ కలెక్టరేటు ముందు తెల్ల అంబాసిడర్లను చూసినవాళ్లమే. ఎక్కే యోగం మాత్రం కొందరికే. అందుకని రిటైరయ్యాక గ్రాట్యుటీలోంచి కొంత తీసి 1985 మోడల్ మార్క్ 4 పెట్రోలు బండి ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు చేసిన బండి. 2014లో ఆ కారు తయారీయే ఆగిపోయింది. మా కారు మాత్రం ఆగలేదు. ఆగినప్పుడు ఎందుకు ఆగిందన్నదే ఈనాటి నా విషయం.

ముందు పని తీరు చెబుతాను. బ్యాటరీ ఇచ్చేది 12 ఓల్టులు. ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టాలంటే వేల ఓల్టులు కావాలి. ఆ పని కాయిల్ చేస్తుంది. కాయిల్‌లోకి కరెంటు పంపి, సరైన క్షణంలో టక్కున తెంచితే ఆ దెబ్బకు పెద్ద ఓల్టేజీ పుడుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే సెకనుకు 100 సార్లు ఇలా తెంచాలి. పాత పద్ధతిలో ఈ పని డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు చేసేవి. అవి అరుగుతాయి, మాడుతాయి, ఆకురాయితో రుద్ది గ్యాపు సరిచేయాలి. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌లో అదే పని ట్రాన్సిస్టర్ చేస్తుంది. అరుగుదల లేదు, రుద్దే పని లేదు. అయితే ఒక తేడా ఉంది. పాయింట్లు పోయేముందు నోటీసు ఇస్తాయి, బండి దగ్గుతుంది, తడబడుతుంది. మాడ్యూల్ నోటీసు ఇవ్వదు. చాలాసార్లు పోయేదాకా పోతున్నట్టే తెలియదు.

మాటిమాటికి పాయింట్లు రుద్దలేక 2021 అక్టోబరులో ఎలక్ట్రానిక్ సెట్టు పెట్టించాను. చలికాలమంతా బండి గడియారంలా నడిచింది. 2022 ఏప్రిల్‌లో మానేరు డ్యాం కట్ట దగ్గర ఆగింది. మెకానిక్ చూసి, “మాడ్యూల్ పోయింది సార్, ఇప్పటి పార్టులు మంచిగ వస్తలేవు” అన్నాడు. కొత్తది వేయించాను. 2023 మార్చిలో పెద్దపల్లి దగ్గర మళ్లీ ఆగింది. మళ్లీ అదే మాట, మళ్లీ కొత్త పార్టు. నేనూ పార్టునే తిట్టుకుని డబ్బు కట్టి వచ్చాను.

ఆ మే నెలలో ఆదిలాబాద్ నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. “మామా, అమ్మ నీ పేరే తీస్తున్నది, జల్దీ రా” అన్నాడు. మా అక్క నాకంటే పన్నెండేండ్లు పెద్ద. అమ్మ పోయాక నన్ను సాకింది ఆమే. పొద్దున ఎనిమిదింటికి నేనూ మా ఇంటావిడా బయలుదేరాం. జగిత్యాల, ఖానాపూర్, నిర్మల్ దాటి మహబూబ్ ఘాటు ఎక్కుతుండగా, సరిగ్గా పన్నెండింటికి ఇంజను ఆగిపోయింది. బానెట్ ఎత్తి గంటసేపు తంటాలు పడ్డాను. చివరికి ఒక ఆర్టీసీ బస్సు ఆపి ఎక్కించుకున్నారు. ఆదిలాబాద్‌లో ఇల్లు చేరేసరికి మూడు దాటింది. అక్క రెండింటికి పోయింది. బండి ఆగకపోతే ఒంటిగంటన్నరకు అక్కడ ఉండేవాళ్లం.

దినాలు అయ్యాక బండి అమ్మేస్తానన్నాను. మా ఇంటావిడ ఒక్క మాట అడిగింది. “ట్రెజరీ నుంచి బిల్లు వాపసు వస్తే ఎందుకు వచ్చిందో చూడకుండ అదే బిల్లు మళ్లీ పంపేవారా?” నాకు సమాధానం లేదు. ఒకే బిల్లును నేను మూడుసార్లు పంపాను.

అప్పుడు నా డైరీ తీశాను. మూడు తేదీలు పక్కపక్కన రాశాను. మూడూ ఎండాకాలమే, మూడూ మధ్యాహ్నమే, మూడూ గంటకు పైగా నడిచాకే. వానకాలంలో, చలికాలంలో ఒక్కసారీ ఆగలేదు. అంటే మాడ్యూల్ వేడికి చస్తున్నది. వేడి ఎక్కడిదన్నది తర్వాతి ప్రశ్న. మన రామగుండం వైపు మేలో 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. కానీ ఎండ ఒక్కటే కారణమైతే ఊళ్లో ఎలక్ట్రానిక్ సెట్టు పెట్టిన పాత బండ్లన్నీ ఆగాలి కదా!

కరీంనగర్‌లోనే ఒక పెద్దవయసు ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి డైరీతో సహా వెళ్లాను. ఆయన కొత్త పార్టు మాట ఎత్తలేదు. మల్టీమీటర్ తీసి వరుసగా కొలిచాడు. చార్జింగ్ 14.1 ఓల్టులు, సరిగానే ఉంది. తర్వాత కాయిల్ వైర్లు విప్పి ప్రైమరీ రెసిస్టెన్స్ కొలిస్తే ఒకటిన్నర ఓములు. మా సెట్టుకు మూడు ఓముల కాయిల్ ఉండాలి. లెక్క మీరే చూడండి. 12ను 3తో భాగిస్తే 4 ఆంపియర్లు. 12ను ఒకటిన్నరతో భాగిస్తే 8. నాలుగు మోయవలసినవాడి నెత్తిన ఎనిమిది పెట్టాం. ఎలక్ట్రానిక్ సెట్టు పెట్టకముందు ఎవరో కాయిల్ మార్చినప్పుడు రెసిస్టర్‌తో వాడవలసిన రకాన్ని రెసిస్టర్ లేకుండా బిగించారు. కాయిల్ డబ్బా మీద ఆ సంగతి చిన్న అక్షరాలతో అచ్చువేసే ఉంది. జీవితమంతా జీ.ఓ.ల కింది చిన్న అక్షరాలు చదివిన నేను దాన్ని చదవలేదు.

దానికి తోడు ఇంజను నుంచి బాడీకి వెళ్లే ఎర్తు పట్టీ తుప్పు పట్టింది. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ నెగెటివ్‌కూ డిస్ట్రిబ్యూటర్ ఒంటికీ మధ్య కొలిస్తే ఒక ఓల్టు దాకా చూపింది. అర ఓల్టు లోపే ఉండాలన్నాడు. సరైన కాయిల్ వేశాం, పట్టీ మార్చి కింద రంగు గీకి బిగించాం, కాయిల్‌ను ఇంజను వేడికి దూరంగా జరిపాం. ఆ తర్వాతే కొత్త మాడ్యూల్ పెట్టాం. 2024 ఎండాకాలం గడిచింది, 2025 ఎండాకాలం గడిచింది. అదే మాడ్యూల్ ఈనాటికీ నడుస్తున్నది.

పాత బండ్లు ఉన్న మిత్రుల కోసం కొన్ని సంగతులు.

ఒకటి, బండి ఆగిన ప్రతిసారీ తేదీ, వేళ, ఎంత దూరం నడిచాక, వేడి మీదా చల్లగానా, చల్లారాక మళ్లీ స్టార్టు అయ్యిందా లేదా అన్నది రాసిపెట్టండి.

రెండు, నిప్పురవ్వ లేదా, పెట్రోలు రావడం లేదా అన్నది ముందు తేల్చండి. ఎండలో పైపులోని పెట్రోలు ఆవిరై కూడా బండి ఆగుతుంది. రవ్వ చూడాలంటే ఒక ప్లగ్గును వైరుకు తగిలించి, దాని ఒంటిని ఇంజను ఇనుముకు గట్టిగా ఆనేలా క్లిప్పుతో బిగించి సెల్ఫ్ కొట్టించండి. వైరును చేత్తో పట్టుకోవద్దు, షాకు గట్టిగా తగులుతుంది. వైరును గాలిలో వదిలేసి కూడా చూడవద్దు, దానివల్ల మంచి మాడ్యూల్ పాడవుతుంది. దగ్గరలో పెట్రోలు కారుతుంటే ఈ పరీక్ష జోలికే పోవద్దు.

మూడు, ఇంజను ఆపి తాళం ఆన్‌లో ఉంచకండి. కొన్ని సెట్లలో ఆ కాసేపూ కాయిల్‌లో కరెంటు పారుతూనే ఉంటుంది.

నాలుగు, మాడ్యూల్ రెండోసారి పోతే మూడోది కొనకముందు కాయిల్, ఎర్తు, చార్జింగ్ ఈ మూడూ కొలిపించండి. కొలవడానికి పది నిమిషాలు చాలు.

అయిదు, పాత పాయింట్ల ప్లేటు, కండెన్సర్ పారేయకండి. స్క్రూడ్రైవర్‌తో సహా డిక్కీలో ఉంచి, బిగించడం నేర్చుకోండి. ఫీలర్ గేజి లేకపోతే అగ్గిపెట్టె అట్ట మందంతో గ్యాపు పెట్టి ఇల్లు చేరవచ్చు. ఆ రోజు ఘాటు మీద ఆ ప్లేటు నా దగ్గర ఉంటే ఎంత బాగుండేదో మళ్లీ చెప్పనక్కరలేదు.

బండి అమ్మలేదు. మొన్న అక్క సంవత్సరీకానికి అందులోనే వెళ్లాం. ఘాటు మీద ఆగిన చోట బండి పక్కకు తీసి, ఇంజను ఆపి, మళ్లీ సెల్ఫ్ కొట్టాను. ఒక్క దెబ్బకే అందుకుంది. మా ఇంటావిడ ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు.