తీగ లేకుండా ఇంట్లోకి నెట్



రేడియో మీ అందరికీ తెలుసు. పాట పాడే మనిషి ఎక్కడో ఉంటుంది. పాట మీ ఇంట్లో వినిపిస్తుంది. మధ్యలో తీగ ఉందా? లేదు. కంటికి కనబడని తరంగాలు ఆ పాటను మోసుకొస్తాయి. జగదీశ్ చంద్ర బోస్ అనే మన దేశపు శాస్త్రవేత్త 1895లో కలకత్తాలో ఇది చేసి చూపించారు. గోడకు అవతల ఉన్న గంటను తీగ లేకుండా మోగించారు.

ఇంట్లో వైఫై కూడా ఆ తరంగాలతోనే పని చేస్తుంది. ఈ రోజు మాట దాని గురించే.

ఒక ఊళ్లో ఒక తల్లి. పొద్దున కూలికి పోతుంది. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది. కూతురు పదో తరగతి అయింది. పాలిటెక్నిక్ పరీక్ష రాసింది. ర్యాంకు వచ్చింది. ఇక తనకు కావలసిన కాలేజీల పేర్లు కంప్యూటర్లో వరసగా పెట్టాలి. గడువు మర్నాటితో సరి.

పట్నంలో నెట్ సెంటర్ ఉంది. కానీ పోయిన ఏడు పక్కింటి పిల్లకు అక్కడ పేర్ల వరస తప్పుగా పెట్టారు. దూరం కాలేజీలో సీటు వచ్చింది. ఆ పిల్ల చదువు మానేసింది. అందుకే తల్లి అంది: "మన పని మన ఇంట్లోనే చేసుకుందాం."

ఇంట్లో పాత కంప్యూటర్ ఉంది. ముందు గదిలో నెట్ పెట్టె ఉంది. దాన్ని రూటర్ అంటారు. కంప్యూటర్ వెనక గదిలో. తీగ అందదు. ఆ పాత కంప్యూటర్‌కు వైఫై అందుకునే శక్తి లేదు. అందుకని వైఫై అడాప్టర్ కొన్నారు. బొటనవేలంత ఉంటుంది. ధర కొన్ని వందల రూపాయలు. పెట్టి ఇవ్వమంటే దుకాణం అబ్బాయి, "రెండు రోజులాగి వస్తా" అన్నాడు.

"రెండు రోజులాగితే గడువు దాటిపోదూ! మనమే పెడదాం పట్టు" అంది తల్లి.

"షాకు కొడుతుందేమోనమ్మా!" అంది కూతురు.

కొట్టదు. అడాప్టర్ పెట్టే యుఎస్‌బి రంధ్రంలో ఉండేది 5 వోల్టులే. ఒక వైపు దూరకపోతే తిప్పి పెట్టాలి. బలవంతాన తొయ్యకూడదు.

పెట్టారు. ఏమీ కాలేదు. ఎందుకు? ఎద్దులున్నా, బండి ఉన్నా తోలేవాడు లేకపోతే బండి కదలదు కదా! అడాప్టర్‌ను నడిపించడానికి కంప్యూటర్లో ఒక ప్రోగ్రాం ఉండాలి. దాని పేరే డ్రైవర్. కొన్నిసార్లు అది ముందే ఉంటుంది. లేకపోతే నెట్ నుంచి తెచ్చుకోవాలి. మరి నెట్ కోసమే కదా ఈ తంటా అంతా!

దీనికి ఉపాయం ఉంది. ఛార్జింగ్ తీగతో ఫోనును కంప్యూటర్‌కు కలపాలి. ఫోను సెట్టింగుల్లో యుఎస్‌బి టెదరింగ్ అని ఉంటుంది. దాన్ని ఆన్ చెయ్యాలి. ఫోనులోని నెట్ కంప్యూటర్‌కు వస్తుంది. కూతురు అలాగే చేసింది. విండోస్ అప్‌డేట్ నొక్కింది. కాసేపటికి డ్రైవర్ దిగింది. కంప్యూటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ వేసింది.

తెర కింద కుడి మూలన విసనకర్రలాంటి చిన్న బొమ్మ వచ్చింది. అదే వైఫై గుర్తు. దాన్ని నొక్కితే కొన్ని పేర్లు కనబడ్డాయి. చుట్టుపక్కల ఇళ్ల పేర్లు కూడా ఉన్నాయి. తమ రూటర్ పేరు ఎంచుకున్నారు. అది పాస్‌వర్డ్ అడిగింది. పాస్‌వర్డ్ రూటర్ కింద చీటీ మీద ఉంది. కూతురు చూసి కొట్టింది. తప్పు అంది. మళ్లీ కొట్టింది. మళ్లీ తప్పే. పిల్లకు ఏడుపొచ్చింది.

తల్లి చీటీ చేతిలోకి తీసుకుంది. దీపం దగ్గర పెట్టి ఒక్కో అక్షరం చూసింది. రాత్రి బడిలో ప, ఫ, ష తేడా పట్టుకున్న కళ్లు అవి. చిన్న గీతలోనే తేడా అంతా ఉంటుందని ఆమెకు తెలుసు.

"తల్లీ, నువ్వు ఓ కొట్టావు. ఇది సున్నా. కింది వరసలో అంకెల మధ్య సున్నా ఉంది చూడు. సన్నగా ఉంది. ఇదీ అట్లాగే సన్నగా ఉంది."

కూతురు సున్నా కొట్టింది. నెట్ వచ్చింది! ఆ రాత్రి తల్లీ కూతుళ్లు కాలేజీల పేర్లు ఒక్కొక్కటే చదువుతూ వరస పెట్టారు. దగ్గరి కాలేజీ ముందు, దూరం కాలేజీ తర్వాత. ఎవరి చేతికీ పాస్‌వర్డ్ ఇవ్వలేదు. ఫోనుకు వచ్చిన ఓటీపీ ఎవరికీ చెప్పలేదు.

అక్కలారా! కొన్ని సంగతులు గుర్తుంచుకోండి. వైఫైలో ఎక్కువగా కనబడేవి రెండు రకాలు. 2.4 అని ఉన్నది గోడలు దాటి కాస్త దూరం పోతుంది. 5 అని ఉన్నది వేగం ఎక్కువ, గోడలుంటే బలం తగ్గుతుంది. ఇనుప బీరువా వెనక రూటర్ పెట్టకండి. ఎత్తుగా, ఇంటి మధ్యలో పెట్టండి. చీటీ మీది పాస్‌వర్డ్ మార్చుకోండి. కొత్తది ఊరందరికీ చెప్పకండి.

"నీకేం తెలుసు" అని ఎవరైనా అంటే ఊరుకోకండి. పిల్లకు మీట నొక్కడం తెలుసు. తల్లికి అక్షరం పోల్చడం తెలుసు. ఇద్దరి తెలివీ కలిసింది, పని అయింది. నేర్చుకున్న అక్షరం ఏనాడూ వృథా పోదు.